ఫిక్స్ పడని చోట

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద నిలబడి క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అన్నా, రోడ్డుకు ఏ పక్కనున్నరు?" మ్యాప్‌లో మన చుక్క డివైడర్ అవతల ఉంటుంది. నెత్తిమీద 2018లో రైళ్లు మొదలైన మెట్రో వంతెన, రెండు పక్కలా షోరూముల అద్దాలు. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తులోని జీపీఎస్ ఉపగ్రహాల నుంచి నీరసంగా దిగొచ్చే సంకేతం నేరుగా అందక, అద్దానికి తగిలి చుట్టు తిరిగి చేరుతుంది. ఫోన్‌లోని రిసీవర్ కొలిచేది ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్నే. సెకనులో వందకోట్లో వంతు ఆలస్యమైనా దూరంలో 30 సెంటీమీటర్లు తేడా.

ఆరుబయట అయితే ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. బిర్యానీ సెంటర్ వెతుక్కోవడానికి అది ధారాళం. హయత్‌నగర్ అవతలి వెంచర్లలో మాత్రం అదే ఫోన్ పట్టుకుని ప్లాటు హద్దులు తేల్చేసేవాళ్లు కనబడతారు. 30 అడుగుల ముఖమున్న ప్లాటు వెడల్పే 9 మీటర్లు!

సర్వేయర్లు డీజీపీఎస్ అని పిలిచే పరికరం సంగతి వేరు. అది ఫోన్‌లా సంకేతంలోని కోడ్‌తో ఆగకుండా, దాన్ని మోసుకొచ్చే 19 సెంటీమీటర్ల రేడియో తరంగాన్నే లెక్కపెడుతుంది. తెలిసిన బిందువు మీద కదలకుండా నిలిపిన బేస్ నుంచి సవరణలు అందుకుని, చేత్తో పట్టుకు తిరిగే రోవర్ ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా దాకా దిగుతుంది. ఒకప్పుడు ఇందుకు లక్షలు పోయాలి. ఇప్పుడు రెండు ఫ్రీక్వెన్సీల రిసీవర్ బోర్డులు వేలల్లోనే దొరుకుతున్నాయి, మైదానంలో పెద్ద పరికరాలకు దాదాపు దీటుగా నిలుస్తున్నాయి. మరి లక్షలు దేనికి? నా మటుకు మంచి యాంటెన్నాకే అంటాను. చుట్టు తిరిగొచ్చిన సంకేతాన్ని చాలావరకు అదే వడగడుతుంది. చవకదైనా ఖరీదైనదైనా రోవర్ తరంగాల లెక్క తేలితే 'ఫిక్స్' అంటుంది, తేలకపోతే 'ఫ్లోట్' అని ఒప్పుకుంటుంది. ఫోన్‌కు ఆ మొహమాటం లేదు, ఏదో ఒక చుక్క పెట్టేస్తుంది. దాని చుట్టూ నీలి వలయం ఎంత వెడల్పుందో మనమూ చూడం.

వంతెన పక్కన 'ఫిక్స్' పడినా వెంటనే నమ్మకూడదు. పని తెలిసినవాళ్లు కాసేపాగి, మళ్లీ మొదటి నుంచి ఫిక్స్ తెచ్చుకుని అదే బిందువు కొలుస్తారు. అంకెలు కలవకపోతే రెండూ కొట్టేస్తారు.

సెంటీమీటర్ల లెక్కలో ఇంకో చిక్కుంది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో ఐజీఎస్ అనే అంతర్జాతీయ నెట్‌వర్క్ రిసీవర్ ఒకటుంది. కదలకుండా కూర్చున్నా దాని స్థానం ఏటా 5 సెంటీమీటర్లకు పైగా ఈశాన్యానికి జరుగుతోంది, ఎందుకంటే భారత భూఫలకమే జరుగుతోంది. సెంటీమీటర్లు కావాలన్నవాడు కొలిచిన తేదీ కూడా రాసుకోవాలి. క్యాబ్ డ్రైవర్‌కు ఆ బెంగ లేదు.

ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్ల కింద ఎంత ఖరీదైన రోవరైనా చేతులెత్తేస్తుంది. అక్కడ సర్వేయర్లు దగ్గర్లోని ఖాళీ జాగాలో రెండు బిందువులు ఫిక్స్ చేసుకుని, టోటల్ స్టేషన్‌తో కోణమూ దూరమూ కొలుచుకుంటూ కిందికి నడిచొస్తారు.