ఏర్పాటు దేవుడిదైతే అడుగు ఎవరిది?

తెలుగు క్రైస్తవంలో ‘ఏర్పాటు’ అనే మాట ఒకటి ఉంది. దేవుడు కొందరిని ముందుగానే ఎన్నుకున్నాడు, రక్షణ కోసం ఏర్పరచుకున్నాడు అనే సిద్ధాంతాన్ని మన పాస్టర్లు ఈ మాటతోనే చెప్తారు. వాడుక తెలుగులో ఏర్పాటుకు ఇంకో అర్థం ఉంది: అమరిక. ఊరు ఒక దిక్కు, వాడ ఒక దిక్కు, ఊరికొక బాయి, వాడకొక బాయి. ఇదీ ఒక ఏర్పాటే. దళితుడి చెవిలో ఈ రెండర్థాలూ ఒకేసారి పడతాయి. నన్ను ఎన్నుకున్నదెవరు? నన్ను ఈ వాడలో పెట్టిందెవరు? ఇద్దరూ ఒకరేనా?

వరంగల్లు ప్రాంతంలో ఇది గ్రంథాలయాల్లో కూర్చుని తేల్చుకునే ముచ్చట కాదు. 1879లో హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ స్థావరం ఏర్పడింది. 1912లో డోర్నకల్‌కు బిషపుగా వచ్చిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషపు. 1952లో వరంగల్లు కతోలిక మేత్రాసనం ఏర్పడింది. సంఘాలు వేరు, పూజా పద్ధతులు వేరు. విశ్వాసుల్లో ఎక్కువమంది మాత్రం మాల మాదిగ వాడల నుంచి నడిచొచ్చినవాళ్లే. వాళ్ల రాకను వివరించడానికి నూరేళ్లకు పైగా రెండు మాటలే చెలామణిలో ఉన్నాయి. ‘దేవుడు వాళ్లను పిలిచాడు’ అని మిషన్ చరిత్ర అంటుంది. ‘ఎవరో వాళ్లను మభ్యపెట్టారు’ అని మిషన్‌కు వ్యతిరేకులు అంటారు. పైకి ఈ రెండూ బద్ధ శత్రువులు. లోపల ఒక్కచోట మాత్రం కలుస్తాయి: దళితుడు తనంతట తాను నిర్ణయించుకోగలడన్న సంగతిని రెండూ లెక్కలోకి తీసుకోవు. ఈ వ్యాసం వాదన ఇదే.

ముందు సిద్ధాంతం సంగతి చూద్దాం. దైవ నిర్ణయమా మానవ స్వేచ్ఛా అనే తగువు క్రైస్తవంలో కొత్తది కాదు. అయిదో శతాబ్దంలో అగస్టీన్, పెలాగియస్ దీని మీదే తలపడ్డారు. 1524లో ఎరాస్మస్ స్వేచ్ఛను సమర్థిస్తూ రాస్తే, మరుసటి ఏడాదే లూథర్ మనిషి చిత్తం బందీ అయి ఉందని బదులిచ్చాడు. 1618–19లో డోర్ట్ మహాసభ కాల్విన్ పక్షం వహించి, దేవుని ఎంపికకు మనిషిలోని ఏ మంచీ కారణం కాదని తీర్మానించింది. మన దగ్గరికొచ్చిన బాప్టిస్టులది మధ్యే మార్గం. 1833 నాటి న్యూ హాంప్‌షైర్ విశ్వాస ప్రకటనలో ఏర్పాటూ స్వేచ్ఛా ఒకదానికొకటి అడ్డం రావని రాసుకున్నారు. ఎట్లా పొసుగుతాయో వివరించే పని మాత్రం పెట్టుకోలేదు.

ఈ తగువులో పాల్గొన్న వాళ్లెవరికీ కులం తెలియదు. మనకు తెలుసు. పుట్టకముందే నిర్ణయమైపోవడం అంటే ఏమిటో దళితుడికి ఒకరు చెప్పనక్కర్లేదు. తలరాత, కర్మ అనే పేర్లతో తరతరాలుగా విన్నాడు. మరి ఏర్పాటు కూడా శిలువ తగిలించుకొచ్చిన కర్మేనా?

కాదు. ఎందుకు కాదో కచ్చితంగా చెప్పుకోవాలి. కర్మ సిద్ధాంతం అర్హత లెక్క. పోయిన జన్మలో నువ్వు చేసుకున్నది ఈ జన్మలో అనుభవిస్తున్నావు, బాపడు పుణ్యం చేసుకుని బాపడుగా పుట్టాడు అంటుంది. అంటే కిందివాడి బాధకూ పైవాడి భోగానికీ అది న్యాయం కట్టబెడుతుంది. ఏర్పాటు సిద్ధాంతం ఈ లెక్క పుస్తకాన్నే చింపేస్తుంది. ఎవరికీ అర్హత లేదు, ఉన్నదంతా కృప అంటుంది. పైవాడి పుణ్యం ఖాతా ఖాళీ అని చెప్పిన మాట వాడలో విప్లవంగా వినపడిందంటే ఆశ్చర్యం లేదు. అయితే ప్రమాదమూ అక్కడే ఉంది. కారణం అడగడానికి వీల్లేని ఎంపిక, కారణం అడగడానికి వీల్లేని పెత్తనంగా మారడానికి ఎంతో సేపు పట్టదు.

ఈ మాట వాడలోకి ఎట్లా వచ్చిందో చూడాలంటే హనుమకొండ నుంచి ఒంగోలుకు పోవాలి. హనుమకొండకు వచ్చిన మిషన్‌కు తెలుగునాట పెద్ద జనం దొరికింది అక్కడే. క్లౌ దొర ఒంగోలులో పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో బడికి అగ్రవర్ణాల పిల్లలు వస్తున్నారు. మాదిగలు చేరబోతున్నారని తెలిసి పెద్దలు అడ్డం తిరిగారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే, ఒకరికి తెలియకుండా ఒకరికి ఒకే భాగం కనపడిందట. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. జ్ఞానులనూ ఘనులనూ కాక, లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే చోటు. దంపతులు దాన్ని దేవుని ఆజ్ఞగా తీసుకున్నారు, మాదిగలను చేర్చుకున్నారు. క్లౌ చనిపోయాక 1914లో వచ్చిన ఆయన పుస్తకం ఈ సంఘటనను చెప్తుంది. తర్వాత మిషన్ చరిత్రల్లో ఇది మళ్లీ మళ్లీ చెప్పుకునే కథ అయింది.

ఆ దంపతుల నిజాయితీని శంకించాల్సిన పని లేదు. బడి పోతుందని తెలిసీ మాదిగల వైపు నిలబడ్డారు. విమర్శ కథ మీద కాదు, కథనం మీద. ఇందులో నిర్ణయించేవాళ్లెవరు? దేవుడు నిర్ణయించాడు, దొర నిర్ణయించాడు, దొరసాని నిర్ణయించింది. బ్రాహ్మలు కూడా రామని నిర్ణయించుకున్నారు. తలుపు బయట నిలబడ్డ మాదిగ మాత్రం ఏ నిర్ణయమూ చేయనట్టే ఉంటాడు. చేర్చుకుంటే లోపలికి, లేకుంటే బయటికి.

అసలు జరిగిందేమిటి? యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. సత్యం వెతుక్కుంటూ రాజయోగం నేర్పే గురువుల దగ్గర చేరినవాడు. వ్యాపారం మీద తిరుగుతూ క్రీస్తు మాట విన్నాడు. మిషనరీలను వెతుక్కుంటూ తానే వెళ్లి 1866లో భార్యతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత ఊరూరా తిరిగి తనవాళ్లకు చెప్పిందీ ఆయనే. ఈ వివరాలన్నీ మిషన్ పుస్తకాల్లోనే ఉన్నాయి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకానికి చెప్పులు కుట్టే పని మీదే పేరు పెట్టింది, మాదిగల కథలు ఓపికగా రాసింది. సమాచారం లేక పేరయ్య చిన్నవాడు కాలేదు. పిలుపు సిద్ధాంతాన్ని దొర చేతిలోని బైబిలుకు కట్టేసి, పేరయ్య కాళ్లకు కట్టకపోవడం వల్ల అయ్యాడు.

చేరడం అంటే ఊరికే పేరు రాయించుకోవడమూ కాదు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అని మూడు షరతులు. మూడూ ఊరి ఏర్పాటు మీద నేరుగా తగిలేవే. జాతరకు డప్పు కొట్టనన్న మాదిగ మీద ఊరు కత్తి కట్టింది. పని ఇవ్వలేదు, నీళ్లు తోడుకోనివ్వలేదు. ఇంత మూల్యం తెలిసి వేసిన అడుగును ఏమనాలి? స్వేచ్ఛా సంకల్పానికి ఇంతకన్నా సాక్ష్యం ఏ మహాసభ తీర్మానంలో దొరుకుతుంది?

అయినా అనుమానం తప్పలేదు. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వే కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేట్టు చేశాడు. అదే సమయంలో బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం వస్తున్నారన్న నింద రాకూడదని ఏడాదికి పైగా ఆపాడు. సాయం ఆగాక జనం తగ్గలేదు, పెరిగారు. 1878 జులై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందురోజూ మరుసటిరోజూ కలిపితే 3,536 మంది. నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. దొర ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు.

పరీక్షలో దళితులు నెగ్గారు, సరే. అసలు పరీక్ష వాళ్లకే ఎందుకు? ఆకలిగొన్నవాడి విశ్వాసంలోనే స్వార్థం వెతకడం ఏ న్యాయం? నిజాం కొలువు కోసం ఉర్దూ నేర్చి షేర్వానీ తొడిగిన దేశముఖ్‌ను నీ అంతరాత్మ స్వచ్ఛమేనా అని ఎవరైనా అడిగారా? ఇంగ్లీషు ఉద్యోగం కోసం సముద్రం దాటిన అగ్రహారీకుణ్ణి అడిగారా? వాళ్లది తెలివి, మనది ఆశ! పస్తులున్నవాడికి అన్నం కావాలనిపించడం, మర్యాద కావాలనిపించడం, దేవుడు కావాలనిపించడం మూడు వేరువేరు కోరికలు కావు. కడుపు నిండినవాళ్లే వాటిని విడదీసి చూడగలరు.

1930ల నాటికి ఈ అనుమానం జాతీయ రాజకీయమైంది. హిందువుగా పుట్టడం తన చేతిలో లేదని, హిందువుగా మాత్రం చావనని అంబేద్కర్ 1935 అక్టోబరులో యేవలాలో ప్రకటించారు. పుట్టుక ఎంపిక కాదు, బతుకు ఎంపిక. ఏర్పాటూ స్వేచ్ఛా అనే తగువు మీద ఈ దేశంలో వచ్చిన అతి సూటి మాట ఇదే. ఆ మరుసటి ఏడాది గాంధీ, అమెరికన్ మిషనరీ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, అంటరానివారికి మతాల మంచిచెడ్డలు తేల్చే శక్తి లేదన్న అర్థంలో ఆవుతో పోలిక తెచ్చారు. ఆ పోలిక 1936 డిసెంబరులో ‘హరిజన్’ పత్రికలోనే అచ్చయింది. అప్పుడు డోర్నకల్‌లో అజరయ్య నడిపిస్తున్నది సరిగ్గా ఆ ‘శక్తి లేనివాళ్ల’ సంఘాన్నే. మాల మాదిగ విశ్వాసుల నడత మారడం చూసి శూద్ర కులాల వాళ్లు కూడా చర్చికి రావడం మొదలైన కాలమది. ఎంచుకోవడం చేతకాదన్నవాళ్లు ఎంచుకుని, ఇతరులకు దారి కూడా చూపించారు.

గాంధీ మాట గాలికి పోలేదు, చట్టంలోకి వచ్చింది. తెలుగువాళ్లు కూడా ఉన్న ఒడిశాలో 1967లో మతమార్పిడి చట్టం చేశారు. బలవంతంగానో ఆశచూపో మతం మార్పిస్తే శిక్ష. మారినవాళ్లు మైనర్లో, స్త్రీలో, దళిత ఆదివాసులో అయితే ఇంకా ఎక్కువ శిక్ష. రక్షణ పేరుతో దళితుణ్ణి పిల్లల పక్కన కూర్చోబెట్టారు. 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది.

అంతకుముందే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కాని దళితుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తీసేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకున్నారు. క్రైస్తవులకూ ముస్లింలకూ తలుపు తెరవలేదు. తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవుడికి దక్కింది బీసీ–సీ, ఒక్క శాతం. మారినవాడికే కాదు, వాడి సంతానానికీ అంతే. మతం మారాలని తాత నిర్ణయించుకున్నాడు. మనవడు క్రైస్తవుడిగానే పుట్టాడు, వాడు ఏమీ నిర్ణయించుకోలేదు. అయినా శిక్ష వాడిదే. తాత ఎంపిక మనవడికి తలరాత అయింది. కర్మ సిద్ధాంతాన్ని లౌకిక రాజ్యం ఎంత శ్రద్ధగా అమలు చేస్తోందో చూడండి. తిరిగి హిందువై, కులం ఒప్పుకుంటే ఎస్సీ హోదా మళ్లీ వస్తుందని 2015లో కె.పి. మను కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే వెనక్కి వేసే అడుగు స్వేచ్ఛ, ముందుకు వేసే అడుగు మోసం.

వరంగల్లుకు దీంతో ఇంకో లెక్క ఉంది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరాకు ఈ ప్రాంతపు బిడ్డ మంద కృష్ణ మాదిగ నాయకత్వం వహించారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను ఒప్పుకుంది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలైంది. ముప్పై ఏళ్ల పోరాటం ఫలించింది. కానీ కాగితం మీద క్రైస్తవుడైన మాదిగ ఆ వాటాలో లేడు. పేరయ్య పుట్టిన కులం గెలిచిన హక్కులో పేరయ్య వారసులకు పాలు లేదు.

చట్టాన్ని తిట్టి చర్చిని వదిలేస్తే ఇది సగం విమర్శే అవుతుంది. కారంచేడులో 1985 జులై 17న మాదిగలను వేటాడి చంపినప్పుడు, చుండూరులో 1991 ఆగస్టు 6న మాలలను నరికినప్పుడు, బాధితుల్లో క్రైస్తవులున్నారు. అది ‘దేవుని చిత్తం’ అని ఓదార్చేవాడు ఎవరి చిత్తాన్ని దేవుడి మీద వేస్తున్నాడు? ఆ చిత్తం భూస్వామిది. కుమ్మరిని మట్టి ప్రశ్నించకూడదన్న పౌలు పోలికను వాడలో విడిగా చదివితే పాదాల నుంచి శూద్రుడు పుట్టాడన్న కథకు జోడీగా ఉంటుంది. రోమీయుల పత్రికలో ఆ వాదన తొమ్మిదో అధ్యాయంలో ఆగదు. పదకొండులో అందరి మీదా కనికరం అనే దగ్గరికి పోతుంది. అక్కడిదాకా చదవని బోధ బ్రాహ్మణీయ బోధే, చెప్పేవాడు ఎవరైనా సరే. సంఘాల్లో మాలల చర్చి, మాదిగల చర్చి అని పంచుకుని, పదవుల కోసం కొట్లాడుకుంటూ ‘మేం ఏర్పరచబడినవాళ్లం’ అనుకోవడం కూడా అట్లాంటిదే. తాము ఎన్నుకోబడ్డామని నమ్మినవాళ్లు అమెరికాలో ఆదివాసుల నేలనూ దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల నేలనూ కాజేశారు. అందుకే అమెరికన్ ఆదివాసి పండితుడు రాబర్ట్ వారియర్ 1989లో నిర్గమ కథను కనానీయుల వైపు నుంచి చదవాలన్నాడు. ఎన్నుకోబడ్డ జనం కథలో వెళ్లగొట్టబడ్డ జనం కూడా ఉన్నారు.

మరి ఈ సిద్ధాంతాన్ని పారేద్దామా? పారేస్తే వాడకు దొరికిన ఒక ఆయుధం పోతుంది. ఇశ్రాయేలును ఎన్నుకున్నది గొప్పదని కాదు, అన్ని జనాల్లో చిన్నదని ద్వితీయోపదేశకాండం ఏడో అధ్యాయం చెప్తుంది. ఫిలిష్తీయులనూ సిరియనులనూ వాళ్ల వాళ్ల చోట్ల నుంచి తెచ్చింది కూడా తానేనని ఆమోసు చివరి అధ్యాయంలో దేవుడే అంటాడు. విమోచన ఏ ఒక్క జాతి జాగీరూ కాదు. ఎన్నుకున్నానంటే ఎక్కువ లెక్క అడుగుతానని అదే ఆమోసు మూడో అధ్యాయం. ఈ వెలుగులో చదివితే ఏర్పాటు అంటే హోదా కాదు, పని.

పిలిచినవాడు దేవుడే అని విశ్వాసి నమ్మితే నమ్మనీయండి, ఆ నమ్మకాన్ని తూచే తరాజు విమర్శకుడి దగ్గర లేదు. కానీ పిలుపు విని లేచినవాడు, ఊరి కోపం తెలిసీ నడిచినవాడు, డప్పు దించి నేల మీద పెట్టినవాడు మనిషి. మాదిగ మనిషి, మాల మనిషి. దేవుడికి మహిమ రావాలంటే ఆ మనిషి అడుగు చెరిపేయాలా? అట్లా చెరిపితే తప్ప నిలబడని సిద్ధాంతం వాడకు అక్కర్లేదు. మన సంఘాల చరిత్రలు మళ్లీ రాసుకోవాలి. ఏ దొర ఎప్పుడొచ్చాడు అని మొదలుపెట్టి కాదు, ఏ వాడ నుంచి ఎవరు మొదట లేచి వెళ్లారు, వెళ్లినందుకు ఏం పోగొట్టుకున్నారు అని మొదలుపెట్టి. హనుమకొండ నుంచి డోర్నకల్ దాకా ప్రతి పాత చర్చి రిజిస్టరులోనూ ఆ పేర్లు ఉంటాయి. అవి చదవడం మన పని.