బత్తా లెక్క తెలియని సాహిత్యం

2025 నవంబరు 3 ఉదయం చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, తాండూరు నుంచి హైదరాబాదు వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొన్నాయి. 19 మంది చనిపోయారు. టిప్పరులోని కంకర ప్రయాణికులను పూడ్చేసింది. అంతకు ఏడాది ముందు, 2024 డిసెంబరు 2న, అదే రోడ్డు మీద ఆలూరు దగ్గర కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ దూసుకుపోయింది.

ఇలాంటి ఘటనల మీద మన కవిత్వం తరచు ఏం చేస్తుంది? రోడ్డును మృత్యువంటుంది, విధిని నిందిస్తుంది. ఆ దుఃఖం అబద్ధం కాదు. కాని ఆ రోజు బస్సు డ్రైవరుతో పాటు టిప్పరు డ్రైవరు కూడా చనిపోయాడు. స్టీరింగు పట్టి బతికే ఇద్దరు శ్రామికుల్లో ఒకరికే మన కన్నీటిలో చోటు దొరుకుతుంది. రెండవవాడు కారణంగా మిగిలిపోతాడు, మనిషిగా కాదు.

మన కథల్లో లారీ డ్రైవరు సాధారణంగా మూడు రూపాల్లో కనిపిస్తాడు: తాగి మనుషులను తొక్కించేవాడు, రోగం మోసుకొచ్చేవాడు, ఊరూరా తిరిగే స్వేచ్ఛాజీవి. 1990లో బి. గోపాల్ దర్శకత్వంలో ‘లారీ డ్రైవర్’ పేరుతోనే సినిమా వచ్చింది. అక్కడ అతను బాలకృష్ణ, అంటే హీరో. నిందించినా, నెత్తికెత్తుకున్నా చూపు క్యాబిన్ బయటి నుంచే. అతనికి బత్తా ఎంత, జీతం నెలకా ట్రిప్పుకా అని ఏ పాత్రా అడగదు.

ఇది చిన్న లోపం కాదు, కథా నిర్మాణానికే సంబంధించిన లోపం. ట్రిప్పుల లెక్కన డబ్బులిచ్చే చోట క్రషర్ దగ్గర లోడు కోసం కాచుకున్న గంటలకు విలువ లేదు. పోయిన ఆ గంటలను డ్రైవరు రోడ్డు మీద రాబట్టుకోవాలి. ఓవర్‌లోడు లాభం ఓనరుది, బ్రేకు పడని ప్రమాదం డ్రైవరుది. తెల్లవారకముందే మొయినాబాదు నుంచి పూలు, కూరగాయలు వేసుకుని పట్నం పోయే డీసీఎం డ్రైవరుకు నిద్ర ఎప్పుడు? వేగాన్ని స్వభావంగా చిత్రించే రచయిత, ఆ వేగాన్ని పుట్టించిన కూలి పద్ధతిని దాచిపెడుతున్నాడు.

క్లూజో 1953లో తీసిన ‘వేజెస్ ఆఫ్ ఫియర్’ ఈ సంగతి గ్రహించింది. పనిలేని మనుషులు, పేలుడు పదార్థం నింపిన లారీలు, తలకు రెండు వేల డాలర్లు. అడిగేవాళ్లు లేనివాళ్లు కాబట్టే నూనె కంపెనీ వాళ్లను ఎంచుకుంటుంది. అందులోని ఉత్కంఠ విధి నుంచి పుట్టలేదు, కూలి నుంచి పుట్టింది.

చట్టం లేక కాదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, అదనపు పనికి రెట్టింపు వేతనం అని 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. అయితే అది అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే. ఒక్క బండి ఓనరు దగ్గర పనిచేసేవాడు అప్పుడే బయట ఉండిపోయాడు. మీర్జాగూడ ప్రమాదం జరిగిన 18 రోజులకు, 2025 నవంబరు 21న, కొత్త వృత్తి భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి ఆ చట్టం స్థానాన్ని తీసుకుంది. కాగితం మీది ఎనిమిది గంటలకు, క్యాబిన్‌లోని రాత్రికి మధ్య ఉన్న దూరమే కథా వస్తువు.

డ్రైవరు తప్పును మాఫీ చేయమని కాదు ఈ వాదన. నిర్లక్ష్యం నిర్లక్ష్యమే, దానికి బలైనవాళ్లూ పేదలే. అలాగే అతని నోట మన నినాదాలు పలికించడమూ పరిష్కారం కాదు. ఆ పని మనలో కొందరు చేశారు. ఆ పాత్రలు బతకలేదు.

కాబట్టి ఈ రోడ్డు మీద కథ రాయదలచినవాళ్లు మర్రిచెట్లను వర్ణించే ముందు కొన్ని ప్రశ్నలకు జవాబు తెచ్చుకోవాలి: లోడు ఎవరిది? ట్రిప్పుకు ఎంత? నిన్న రాత్రి డ్రైవరు ఎన్ని గంటలు పడుకున్నాడు? ఇవి తెలిసిన రచయిత ప్రమాదాన్ని ప్రమాదమని రాయలేడు.