డిస్‌ప్లే రాని సిస్టమ్ ముందు ఒక పనివాడు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్లు అమ్మేవాళ్లు ఎందరో. బాగుచేసేవాళ్లలో నిజమైన పనివాణ్ణి గుర్తుపట్టాలంటే, ప్రాసెసర్ మార్చాక డిస్‌ప్లే రాని సిస్టమ్‌ని అతని బల్ల మీద పెట్టాలి. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, తెర మాత్రం వెలగదు. తొందరపడేవాడు 'బోర్డు పోయింది' అనేస్తాడు. నేను చూసిన పనివాడి నోట ఆ మాట రానేలేదు.

ఓ ఇంజినీరింగ్ విద్యార్థి తెచ్చిన సిస్టమ్ అది. 2018 నాటి బి450 బోర్డు. అందులోని రైజెన్ 3 2200జి తీసేసి రైజెన్ 5 5600 పెట్టుకున్నాడు. రెండింటికీ ఏఎం4 సాకెట్టే కాబట్టి చక్కగా కూర్చుంది. కూర్చున్నంత మాత్రాన బోర్డు దాన్ని గుర్తించాలని లేదు. 5600 మార్కెట్‌లోకి వచ్చింది 2022లో. అంతకు నాలుగేళ్ల ముందటి బయాస్‌కి దాని ఊసే తెలియదు.

పనివాడు ముందు స్క్రూడ్రైవర్ పట్టలేదు. స్విచ్ వేసి బోర్డు అంచున ఉన్న బుల్లి దీపాలు చూశాడు: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. సీపీయూ దగ్గర వెలిగిన దీపం అక్కడే నిలిచిపోయింది. ప్రాసెసర్‌కి కరెంటు తెచ్చే 8 పిన్నుల కనెక్టర్ నొక్కి చూశాడు. అది ఊడినా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి మరి. గట్టిగానే ఉంది. సెల్ తీసి బయాస్ సెట్టింగులు చెరిపాడు. మార్పు లేదు.

అప్పుడు హీట్‌సింక్ విప్పాడు. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, మొత్తం 1331. పేస్ట్ పట్టేస్తే హీట్‌సింక్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది. అందుకే పైకి లాగలేదు. అటూ ఇటూ మెల్లగా తిప్పి, పట్టు వదిలిందని చేతికి తెలిశాకే ఎత్తాడు. ప్రాసెసర్‌ని అంచులతో పట్టుకుని ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా వంచి వరసల మధ్య చూశాడు. ఒక్క పిన్ను వంగినా ఆ సందులో వెలుగు తెగుతుంది. ఎక్కడా తెగలేదు.

తర్వాత పాత 2200జి పెట్టాడు. డిస్‌ప్లే వచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చిన ఎత్తు ఇదే. బోర్డు, ర్యామ్, ఎస్ఎంపీఎస్, మానిటర్, అన్నిటి మీదా ఉన్న అనుమానం ఒక్క దెబ్బకు తీరింది. ఇక మిగిలింది కొత్త ప్రాసెసర్‌కీ బోర్డుకీ మధ్య సంగతే.

బయాస్ మార్చబోయే ముందు కుర్రాణ్ణి అడిగాడు: "తమ్మీ, బిట్‌లాకర్ పెట్టుకున్నవా? రికవరీ కీ రాసుకున్నవా?" బిట్‌లాకర్ అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం; ఆ తాళం గుట్టు దాచుకునేది టీపీఎం. ప్రాసెసర్ మారితే అందులోని టీపీఎం కూడా మారుతుంది. అప్పుడు విండోస్ 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. కుర్రాడికి ఆ మాటే కొత్త. పనివాడు విండోస్‌లోకి వెళ్లి బిట్‌లాకర్ ఆన్‌లో ఉందని చూసి, కీ దాచిపెట్టించి, బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా ఆపాడు. ఇంత ముందుచూపు కొందరు పెద్ద ఆఫీసు ఇంజినీర్లలోనూ చూడలేదు.

యూపీఎస్ మీద నడుపుతూ పెన్‌డ్రైవ్‌తో కొత్త బయాస్ ఎక్కించి, 5600 మళ్లీ పెట్టాడు. ఈసారి దీపం సీపీయూ దాటింది, డీర్యామ్ దగ్గర కాసేపు తచ్చాడింది, వీజీఏ దగ్గర ఆగింది. తెర ఇంకా నల్లగానే ఉంది. కుర్రాడి ముఖం వాడిపోయింది. పనివాడు మాత్రం తలాడించాడు, దీపం ముందుకు జరిగిందిగా! మానిటర్ కేబుల్ బోర్డుకే తగిలించి ఉంది. 2200జిలో గ్రాఫిక్స్ లోపలే ఉన్నాయి; 5600లో అసలు లేవు. పాత ప్రాసెసర్‌తో తెర వెలగడమే ఈ రెండో లోపాన్ని అంతసేపూ కప్పిపెట్టింది.

డ్రాయర్‌లోంచి పాత గ్రాఫిక్స్ కార్డు తీసి పెట్టి, కేబుల్ దానికి మార్చాడు. కొత్త ప్రాసెసర్ వచ్చింది, టీపీఎం చెరిపేయమంటారా అని తెర అడిగింది. 'వై' నొక్కాడు. విండోస్ తెరుచుకుంది. ర్యామ్ కడ్డీలు రెండూ కనబడుతున్నాయా అని చూశాడు, లోడ్ పెట్టి వేడి ఎంతకు పోతోందో చూశాడు.

అప్పుడు రెండు దారులు చెప్పాడు: 5600 వెనక్కిచ్చి, లోపలే గ్రాఫిక్స్ ఉన్న 5600జి తీసుకోవడం, లేదా గ్రాఫిక్స్ కార్డు కొనడం. గేములు ఆడతానని కుర్రాడు కార్డు వైపే మొగ్గాడు. పనివాడు క్యాబినెట్ పక్కకు తిప్పి, ఎస్ఎంపీఎస్ మీది లేబుల్‌లో వాట్లు చదివి, ఎంతలో కార్డు చూడమంటావని అడిగాడు.