కవరు మీది పేరు

శుభలేఖ లోపల మన పేరు ఉండదు. వధూవరులు, ముహూర్తం, విందు అన్నీ ఉంటాయి గానీ, పిలిచింది ఎవరినో తెలియాలంటే కవరు చూడాలి. ఈమెయిల్ సంగతీ ఇంతే. ఇన్‌బాక్స్‌లో 'టూ' అని కనిపించేది పంపినవారు ఉత్తరం లోపల రాసుకున్న మాట. బట్వాడా చేసే సర్వరు దాన్ని చూసి పోదు. రెండు సర్వర్లు మాట్లాడుకునేటప్పుడు 'ఆర్‌సీపీటీ టూ' అని విడిగా ఒక చిరునామా చెప్పుకుంటాయి. ఉత్తరం వెళ్లేది దానికే. జాన్ పోస్టెల్ 1982లో రాసిన, సర్వర్ల మధ్య ఈమెయిల్ బట్వాడాకు వాడే ఎస్ఎంటీపీ ప్రమాణంలోనే ఈ ఏర్పాటు ఉంది. బీసీసీలో పెట్టిన ఉత్తరంలో మన పేరు ఎక్కడా లేకపోయినా అది మనకు చేరడం దీనివల్లే.

చిక్కేమిటంటే, ఉత్తరం పెట్టెలో పడేసరికి కవరు పోతుంది. పంపినవారి కవరు చిరునామాను 'రిటర్న్-పాత్' హెడర్‌గా ఉత్తరం నెత్తిన రాయమని ప్రమాణం ఆదేశించింది. అందుకునేవారి చిరునామాకు అలాంటి ఆదేశం లేదు. 'రిసీవ్డ్' హెడర్‌లో 'ఫర్' అని రాసే వీలుంది కానీ, అది ఇష్టముంటే రాసేది మాత్రమే. పంపినవాడికి ఇచ్చిన మర్యాద పుచ్చుకునేవాడికి ఇవ్వకపోవడం నా దృష్టిలో పెద్ద లోటే.

ఈ లోటు అలియాసులు వాడేచోట బాగా తెలుస్తుంది. సేల్స్, అకౌంట్స్, ఫిర్యాదులు అని మూడు చిరునామాలు పెట్టి, మూడింటినీ ఒకే ఉద్యోగి పెట్టెకు మళ్లించిన ఆఫీసులు ఎన్నో. సర్వరు అలియాసును విప్పి అసలు పెట్టె పేరుగా మార్చేస్తుంది. ఆ తర్వాత ఉత్తరం ఏ పేరున వచ్చిందో చెప్పే ఆధారం మిగలదు. ఒక్కో దుకాణానికి ఒక్కో చిరునామా ఇచ్చి, ఎవరు మన వివరాలు బయటికి అమ్ముకున్నారో కనిపెట్టే జాగ్రత్తపరులకూ ఇదే ఇబ్బంది. చెత్త మెయిల్ పంపేవాడు 'టూ' గడిలో నిజం రాస్తాడా?

అందుకే ప్రమాణం చెప్పని పనిని సర్వర్లు రాసినవాళ్లే తలా ఒక పద్ధతిలో చేసుకుంటూ వచ్చారు. డేనియల్ బెర్న్‌స్టీన్ తన క్యూమెయిల్‌లో 'డెలివర్డ్-టూ' అనే హెడర్ పెట్టాడు. తిరిగి తిరిగి అదే చిరునామాకు వస్తున్న ఉత్తరాన్ని పట్టుకుని ఆపడానికి అది పనికొచ్చింది. కేంబ్రిడ్జిలో ఫిలిప్ హేజెల్ రాసిన ఎగ్జిమ్ 'ఎన్వలప్-టూ' రాయగలదు. ఐబీఎం పరిశోధనశాలలో ఉండగా వీట్సే వెనెమా రాసి, 1998లో విడుదలైన పోస్ట్‌ఫిక్స్ ఇంకో అడుగు వేసింది. అలియాసు విప్పాక తేలిన చిరునామా 'డెలివర్డ్-టూ'లోకి, విప్పకముందు వచ్చిన చిరునామా 'ఎక్స్-ఒరిజినల్-టూ'లోకి వెళ్తాయి. రెండూ వేరు వేరని గుర్తించి విడిగా రాయడమే ఈ పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది.

పోస్ట్‌ఫిక్స్‌లో ఈ పని రెండు దశల్లో జరుగుతుంది. ఉత్తరం లోపలికి రాగానే క్లీనప్ అనే భాగం చిరునామాను మారుస్తూనే పాతదాన్ని కూడా క్యూ ఫైలులో దాస్తుంది. 'ఎనేబుల్ ఒరిజినల్ రెసిపియెంట్' సెట్టింగ్ 'ఎస్' అని ఉండాలి. మామూలుగా ఉండేది అదే. పెట్టెలో వేసే భాగం చివర్లో దాన్ని హెడర్‌గా రాస్తుంది. లోకల్, వర్చువల్ అనే బట్వాడా భాగాలు అడక్కుండానే రాస్తాయి. పైప్ ద్వారా వేరే ప్రోగ్రాముకు ఇస్తుంటే మాత్రం మాస్టర్ డాట్ సీఎఫ్ ఫైలులో ఆ వరుసకు 'ఓ' జెండా తగిలించాలి. ఎల్ఎంటీపీ అనే బట్వాడా పద్ధతి ద్వారా, పెట్టెలను చూసుకునే డవ్‌కాట్ అనే ప్రోగ్రాముకు అప్పగించే సర్వర్లలోనే ఎక్కువగా దారి తెగుతుంది. ఎల్ఎంటీపీకి కూడా ఈ జెండా పోస్ట్‌ఫిక్స్ 3.5 నుంచి ఉంది. లేదంటే డవ్‌కాట్ వైపునే 'డెలివర్డ్-టూ'లో అసలు చిరునామా రాయమని చెప్పవచ్చు. అప్పుడది ఎస్ఎంటీపీ పొడిగింపులో భాగమైన 'ఓఆర్‌సీపీటీ' మోసుకొచ్చిన చిరునామాను తీసుకుంటుంది.

జెండా తగిలించాక ఒక షరతు ఉంది, దాన్ని మరవకూడదు. ఆ దారిలో ఒక్కో బట్వాడాకు ఒక్క చిరునామాయే ఉండేలా పరిమితిని 1 చేయాలి. పదిమంది పేర్లు ఒకే ప్రతి మీదకి ఎక్కితే బీసీసీలో గుట్టుగా పెట్టినవారి పేర్లు అందరికీ తెలిసిపోతాయి. చిరునామా పోవడం కన్నా అది పెద్ద తప్పు. ఇంకో చిన్న ఖర్చూ ఉంది. ఒకే ఉత్తరం సేల్స్‌కూ అకౌంట్స్‌కూ వస్తే, పాత చిరునామాలు వేరు కాబట్టి సర్వరు వాటిని నకళ్లుగా చూడదు. ఆ ఉద్యోగికి రెండు ప్రతులు పడతాయి. విసుక్కుని సెట్టింగును 'నో' చేసేవాళ్లు ఉన్నారు. రెండో ప్రతిని చెరపడానికి ఒక్క క్షణం చాలు, పోయిన చిరునామాను ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు.

ఇదంతా బయటినుంచి ఉత్తరం వచ్చే మొదటి సర్వరులోనే జరగాలి. అలియాసు అక్కడ విప్పేసి, లోపలి సర్వరులో హెడర్ కోసం వెతికితే దొరికేది మారిన పేరే.

తెలుగువారికి ఇందులో కొత్త అవసరం ఒకటి వస్తోంది. 2012 నాటి ప్రమాణాలతో చిరునామాను తెలుగు లిపిలోనే పెట్టుకునే వీలు కలిగింది. పాత సర్వర్లు దాన్ని ఒప్పుకోవు కనుక పక్కన ఆంగ్ల అక్షరాల అలియాసూ ఉంచుకోవాల్సి వస్తుంది. ఉత్తరం రెండింట్లో దేనికి వచ్చిందో తెలిస్తేనే తెలుగు చిరునామా ఎంతవరకు పనిచేస్తోందో లెక్క తేలుతుంది.

'డెలివర్డ్-టూ'ను డేవ్ క్రాకర్ 2022లో ఆర్ఎఫ్‌సీ 9228 అనే ఇంటర్నెట్ పత్రంగా రాసిపెట్టారు, అదీ ప్రయోగాత్మకమనే ముద్రతో. కాబట్టి మీ సర్వరు ఏంచేస్తోందో మీరే చూసుకోవాలి. బయటి ఖాతా నుంచి మీ అలియాసుకు బీసీసీలో ఒక ఉత్తరం పంపి, పెట్టెలో పడ్డాక దాని సోర్సు తెరవండి. అలియాసు పేరు ఎక్కడా కనిపించకపోతే మీ సర్వరు చూసే మనిషికి వెంటనే చెప్పండి.