‘అమృత సంతానము’ – కొండయు ఆరోగ్యమును

కొండగాలి ఆరోగ్యమునకు మంచిదని మైదానమునుండి వచ్చు చుట్టములు మనతో అనుచుందురు. ఏజెన్సీ నీరు ఒంటికి పడదని, చలిజ్వరము పట్టినచో వదలదని మన తాతలు అనుచుండెడివారు. రెండు మాటలును ఈ కొండలను గూర్చినవే. ఇందేది నిజమని విచారించుటకు మాకు మిక్కిలి తోడ్పడినది వైద్యగ్రంథము కాదు, ఒక నవల. గోపీనాథ మహంతిగారు ఒరియాలో రచించిన ‘అమృతర సంతాన’ అది. సాహిత్య అకాడెమీ తొలిసారి బహుమానములొసగిన 1955లో ఒరియా భాషకు వచ్చిన బహుమానము దానిదే. పురిపండా అప్పలస్వామిగారు దానిని తెలుగు చేసిరి. పురిపండావారు ఘాటీ దిగువనున్న సాలూరులో పుట్టినవారు; మూలకర్త కొరాపుట్ ప్రాంతమున ప్రభుత్వోద్యోగము చేసినవారు. కావున ఇది మన గుమ్మము ముందరి గ్రంథమే.

మన భావకవులు ప్రకృతిని మనసు సేదతీరు చోటుగా పాడిరి. 1925లో వెలువడిన కృష్ణశాస్త్రిగారి ‘కృష్ణపక్షము’ ఆ ధోరణికి మేలుబంతి. అందు మాధుర్యమునకు లోటు లేదు. కాని ఆ కవిత్వపుటడవిలో తిరుగువానికి ఆకలి వేయదు, కాలికి ముల్లు గ్రుచ్చుకొనదు, దోమ కుట్టదు. మహంతిగారి కోదులు అట్టివారు కారు. వృద్ధుడైన సరబు సావొంతా మరణముతో కథ మొదలై, అతని కుమారుడు దివుడు ఊరిపెద్ద యగును. ప్రకృతిని చూచి వత్తమని వీరెవ్వరును అడవికి పోరు. పోడు కొట్టుట, విత్తుట, కోయుట, పండుగ చేయుట – ఋతువు పిలిచిన పనికి లేచి పోవుదురు. ఆరోగ్యమను పేర వేరొక ప్రయత్నము వారికి లేదు. నవలలోని గొప్పతనము ఇచటనే యున్నదని మా అభిప్రాయము.

అయినను ఒక కొరత చెప్పక తప్పదు. బిడ్డ పుట్టిన పిమ్మట దివుడి భార్య పుయు వడలిపోవును. భర్త పియోటి వైపు మరలును. కడకు ఆమె పసివానితో ఇల్లు విడుచును. అంత అందమైన కొండ ఆ బాలింతను కాపాడలేదు. చదువరి ఆమె దుఃఖమును తలచుకొనును గాని ఆమె శరీరమును గూర్చి ఆలోచింపడు. వర్ణనల వెలుగు కన్నులను అట్లు కప్పివేయును.

కవులు మెచ్చిన సెలయేరే ఇందుకు సాక్షి. ఈ కొండలలో మలేరియాను మోయు ‘అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్’ అను దోమ, తేటగా మెల్లగా పారు సెలయేటి అంచుననే గ్రుడ్లు పెట్టును. నీరు తేటగానున్నంత మాత్రమున జ్వరము రాకపోదు. 1954లో డెన్మార్కు వైద్యురాలు మాడ్సెన్‌గారు బిస్సమ్ కటక్‌లో ఆసుపత్రి నెలకొల్పిరి. 2017లో ఒడిశా ప్రభుత్వము ‘దమన్’ పథకము క్రింద దుర్గమ గ్రామములలో రక్తపరీక్షలు జరిపించి, జ్వరము లేనివారిలో సైతము మలేరియాను కనిపెట్టి మందులిచ్చెను, దోమతెరలును పంచిరి. 2016లో రాష్ట్రమున 4 లక్షల 40 వేలు దాటిన కేసులు 2018 నాటికి 70 వేల లోపునకు దిగినవి. సెలయేరు ఎప్పటివలెనే పారుచున్నది.

అట్లని మందు ఒక్కటే చాలుననుటయు సరికాదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ననుసరించి, నియమగిరిపై బాక్సైటు త్రవ్వకమును గూర్చి 12 గ్రామసభలు జరిగినవి. పన్నెండును వలదనినవి. ఆ కొండ నియమరాజు నెలవనియు, తమ తిండియు నీరును దానివలననే యనియు డోంగ్రియా కోదులు చెప్పిరి. నవలలో వర్ణనగా చదివినది అచట వాఙ్మూలమైనది.

ఇక మన కుటుంబముల సంగతి. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడక పూర్వము ఈ సీమ విశాఖపట్టణము జిల్లాలోనిది. మనకు చోడి అంబలి క్రొత్తది కాదు. ఉత్తరాంధ్రమున మన పెద్దలు దానిని త్రాగియే పొలమునకు పోయెడివారు. నూరు గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియమున్నది. తెల్లబియ్యములో అది పది మిల్లీగ్రాములకు మించదు. అట్టి అంబలిని ‘కొండవారి తిండి’ యని వంటింటినుండి తొలగించిన ఇండ్లు అనేకము. మధుమేహము వచ్చిన పిదప, వైద్యుడు చెప్పగా, ఆ ధాన్యమునే రంగుల పొట్లములలో అధిక ధరకు కొనుచున్నారు. చాటికొన బుధవారపు సంతకు డోంగ్రియా స్త్రీలు కొండదిగి నడచివత్తురు. బండిమీద పోయి వారి పసుపునకు, అనాసపండ్లకు బేరమాడుటతో మనవారికి కొండతో పరిచయము ముగియుచున్నది.

‘అమృత సంతానము’ మన సంఘ గ్రంథాలయమున తప్పక యుండవలసిన పుస్తకము. పిల్లలచేత చదివింపవలెను. అయితే వర్ణనలను మెచ్చి ఊరకుండక, పుయు పక్షమున నిలిచి చదువుట నేర్పవలెను. ఉదయము పిల్లలకు అంబలి పోయుటయు, రాత్రి వారికి దోమతెర కట్టుటయు ఒకే విద్యలోని రెండు పాఠములు. ఈ కొండల నడుమ బ్రదుకదలచిన మనకు రెండును కావలెను.