గోడ చెప్పిన సాక్ష్యము

ఉద్యోగవిరమణానంతరము కుమారుని యింట చేరిన నాటినుండి, ప్రాతఃకాలమున బెంగుళూరు నగరపు కాడుగోడి వీథులలో బృందావనాశ్రమము మీదుగా మెట్రో స్టేషను వరకు నడచివచ్చుట నాకు నిత్యకృత్యమైనది. దారిలో క్రొత్త కట్టడములకై పోసిన కంకరకుప్పలు కనబడినప్పుడెల్ల, ముప్పదియేండ్లు గామా కిరణముల వర్ణపటములను చదివిన నా మనస్సునకు ఒక సంఖ్య స్ఫురించును: 1460.8.

పరమాణు కేంద్రకము తనకు నియతమైన కొన్ని శక్తిస్థాయిలలోనే నిలువగలదు. పైస్థాయినుండి క్రిందిస్థాయికి దిగునపుడు, ఆ రెంటి నడుమనున్న అంతరమును గామా కిరణముగా విడిచిపెట్టును. స్థాయిని ఎవ్వరును చూచి యెరుగరు. దిగినప్పటి అంతరములను కొలిచి, కూడి, సరిపోల్చి, స్థాయిల పటమును ఊహించి గీయవలసినదే. కోబాల్టు-60 బీటా క్షయముచే నికెలు-60గా మారి, 2505.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో క్షణకాలమైనను నిలువక, 1173.2, 1332.5 అను రెండంగలలో అడుగుస్థాయికి చేరును. కూడిక కుదిరినది గదా యని తృప్తిపడరాదు. రెండు డిటెక్టరులను ఎదురెదురుగా నిలిపి, ఆ రెండు కిరణములును ఒక్క కేంద్రకమునుండియే వెంటవెంట వెలువడుచున్నవని నిరూపింపవలెను. అప్పటికిని ఏది ముందో యేది వెనుకో తెలియదు. రెండింటి తీవ్రతయు ఇంచుమించు సమానమే. నికెలు-60ను వేరొక మార్గమున ఉత్తేజపరచినపుడు 1332.5 ఒంటరిగా కనబడుటచేతనే అది క్రిందిమెట్టని తేలినది.

ఈ విద్యకు ఓర్పే ప్రధానోపకరణము. 1948లో హాఫ్‌స్టాటర్ ప్రవేశపెట్టిన థాలియము కలిపిన సోడియం అయొడైడు స్ఫటికములో, సీసియం-137 విడుచు 661.7 కిరణము నలువదియైదు కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన వెడల్పుగల గుట్టవలె కనబడును. ద్రవ నత్రజనిచే చల్లబరచిన జర్మేనియం డిటెక్టరులో అదియే సూదిమొనవలె నిటారుగా నిలుచును. ఒక్క గుట్టయని తలచినచోట మూడు నాలుగు మొనలు వేరుపడుట చూచిన దినమున కలిగెడి ఆనందము అనుభవైకవేద్యము.

విద్యార్థిదశలో నేనొకనాడు, నా నమూనా వర్ణపటములో ఎవ్వరును పేర్కొనని యొక శిఖరమును కనుగొంటినని పొంగిపోయి, దానికొక స్థాయిని కల్పించి, పటముగీచి, గురువుగారి యెదుట నుంచితిని. వారు దానిని తదేకదృష్టితో చూచి, "నమూనా తీసివేసి, ఈ రాత్రి మరల లెక్కపెట్టి చూడవోయి" అని మాత్రమే అనిరి. తెల్లవారునప్పటికి నా శిఖరము ఖాళీ పీఠము ముందును చెక్కుచెదరక నిలిచియుండెను. అది ప్రయోగశాల గోడలోని పొటాషియం-40 పంపిన కిరణము. 125 కోట్ల యేండ్ల అర్ధాయువుగల ఆ కేంద్రకములలో నూటికి పదునొకండు మాత్రము ఒక ఎలక్ట్రానును గ్రహించి ఆర్గానుగా మారి, 1460.8 స్థాయినుండి ఒక్క అంగలో దిగును. గోడ ఆ రాత్రి నాకు అబద్ధమాడలేదు. అడుగక మునుపే గోడ మాటను నమూనా మాటగా నేనే వ్రాసికొంటిని.

ఈ శాస్త్రమును తెలుగునేలపై నాటిన స్వామి జ్ఞానానందులు నాకు తరచు జ్ఞప్తికి వచ్చుచుందురు. 1896లో భీమవరప్రాంతమున గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా జన్మించి, యోగియై, యూరపునకేగి, ప్రాగులో ఎక్స్‌రే వర్ణపటశాస్త్రమును అభ్యసించి, లివర్పూలులో చాడ్విక్ చెంత కేంద్రకశాస్త్రమున కృషిచేసి, తుదకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర విభాగమును నెలకొల్పిన ఆ మహనీయుని పేరే అచ్చటి పరిశోధనాలయము నేటికిని ధరించియున్నది. ధ్యానమున తన తలపు చేయు సవ్వడిని గుర్తించుటకును, ప్రయోగమున పరిసరముల సవ్వడిని గుర్తించి తీసివేయుటకును కావలసిన నిగ్రహ మొక్కటియే యని నా నమ్మకము.

కాడుగోడి కంకరలోను, దానిని మోయు కూలీల దేహములలోను, దానిని చూచుచు నిలిచిన నా యెముకలలోను ఆ పొటాషియం ఈ క్షణమున కిరణములను విడుచుచునే యున్నది. వానిలో ఒక్కటియు నా కంటికి కనబడదు. ఐనను ఏ స్థాయినుండి దిగినదో నాకు తెలియును. ఆ తెలివి నాకు అబ్బినది ఖాళీ పీఠము ముందు మేల్కొనియున్న ఆ యొక్క రాత్రి.