ప్రాయశ్చిత్తగ్రంథములు: పాత్రవివేకము

షాద్‌నగరునకు సమీపమున నున్న శంషాబాదు కేంద్రముగా 2017వ సంవత్సరమున సీరో-మలబారు సభవారి మేత్రాసన మొకటి నెలకొల్పబడినది. ఆ సభకు ప్రమాణమైన ప్రాచ్యసభల ధర్మసంహిత 1990లో ప్రకటితమైనది. పాపసంకీర్తనము నాలకించు గురువు పాపముయొక్క స్వభావమును, తీవ్రతను, సంఖ్యను మాత్రమే గాక, పాపియొక్క స్థితిని, మనఃపరివర్తనమునకు గల సంసిద్ధతను గూడ పరికించి వ్యాధికి తగిన ఔషధము నీయవలెనని యందొక విధి కలదు. ఇది నూతనభావము గాదు. 692లో కాన్‌స్టాంటినోపిలున గూడిన త్రుల్లో సభ తన 102 నియమములలో తుదిదానియందు ఈ వైద్యోపమానమునే యాశ్రయించినది.

పశ్చిమఖండమున 6వ శతాబ్దినుండి ఐర్లండు మఠములలో ప్రాయశ్చిత్తగ్రంథములు వెలసినవి. పూర్వము మహాపాతకములకు బహిరంగప్రాయశ్చిత్తము జీవితమున నొక్కమారే లభించెడిది. ఐరిషు గురువులు దానిని రహస్యముగను, మరల మరల పొందదగినదిగను జేసిరి. దోషమును దాని విరోధిగుణముచేత మాన్పవలెనని వారి మతము: తిండిపోతునకు ఉపవాసము, వదరుబోతునకు మౌనము.

ఇవి పాపముల ధరలపట్టికలని కొందఱు తీసివేయుదురు. ఆ నింద నిర్మూలము గాదు. దీర్ఘోపవాసమునకు బదులు కీర్తనపఠనమో ధనదానమో చెల్లునను విధులు వీనిలో గలవు. 813లో షాలోను సభ వీనియందు తప్పులు నిశ్చితములు, కర్తలు అనిశ్చితులు అని యధిక్షేపించినది. 829లో పారిసు సభ వీనిని దగ్ధము చేయింపుమని పీఠాధిపతుల నాజ్ఞాపించినది. అయినను 11వ శతాబ్ది యారంభమున వర్మ్సు పీఠాధిపతి బుర్చార్డు తన సంగ్రహమునందలి 19వ భాగమునకు ‘వైద్యుడు’ అను పేరు పెట్టుట గమనింపదగినది. పట్టిక నిలిచినది, వైద్యదృష్టియు నిలిచినది.

మనకు ఈ చర్చ క్రొత్త గాదు. దేశకాలములను, వయశ్శక్తులను, పాపమును విచారించి ప్రాయశ్చిత్తమును కల్పింపవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన తెనుగుపద్యములలోనికి దెచ్చెను. అందు ప్రాయశ్చిత్తకాండమును గలదు. మన ధర్మశాస్త్రములయందును కృచ్ఛ్రమునకు బదులు గోదానము విహితమే. కావున పరులపట్టికను జూచి నవ్వుటకు మన కవకాశము లేదు.

ఒక భేదమును మాత్రము దాచరాదు. పాపియొక్క శక్తిని పరికించుట వేఱు, అంతస్తును లెక్కించుట వేఱు. ధర్మశాస్త్రములు హతునివర్ణమునుబట్టి హత్యాప్రాయశ్చిత్తమును తగ్గించినవి, హెచ్చించినవి. ఐరిషు గ్రంథములు లౌకికునికన్న గురువునకు తఱచుగా హెచ్చు శిక్ష విధించినవి. రెండును ‘పాత్రవివేక’మే యనిపించుకొన్నను, మొదటిది చచ్చినవాని గౌరవమును తూచినది, రెండవది తప్పుచేసినవాని బాధ్యతను తూచినది. ఔషధోపమానమునకు రెండవదియే తగియున్నది.

ప్రాయశ్చిత్తకాండమును నీరసమని విడిచిపెట్టు పాఠకులు ఈ దృష్టితో దానిని మరల చదువవలెను. విధిగ్రంథముయొక్క గుణము విధులసంఖ్యలో లేదు. విధించువాని వివేకమునకు విడిచిన చోటునందున్నది. మందులజాబితా యెంత పెద్దదైనను రోగి నాడిని తానై చూడలేదు గదా.